నాగార్జునకొండ యాత్రకు ముందు

ప్రతి సంవత్సరము విద్యార్థుల నుండి ఒక కోరిక కళాశాల కమిటీ ముందుకు వచ్చుచున్నది: విజ్ఞాన విహారయాత్రకు పోవలెనని. కమిటీ పెద్దలు సంకోచించుటకును కారణము లేకపోలేదు. 2014 జూన్ 8వ తేదీన హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువ డ్యాం నుండి వదలిన నీటిలో కొట్టుకొని పోయిరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి వరదలో విహార బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణములు పోయినవి. ఈ రెండింటిని తలచుకొనిన తలిదండ్రులు సంతకము పెట్టుటకు వెనుకాడినచో వారిని తప్పు పట్టలేము. అయినను యాత్ర మానుకొనుట దీనికి పరిష్కారమని మేము అనుకొనుట లేదు.

మా ఎంపిక నాగార్జునకొండ. ఇది మానవుడు చేసిన ద్వీపము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము నిండినప్పుడు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండిన లోయ అంతయు నీట మునిగినది. కొండ శిఖరము మాత్రము మిగిలినది. మునుగుటకు ముందే 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన కట్టడములను కొన్నింటిని ఆ కొండపైకి చేర్చి తిరిగి నిర్మించిరి. మరికొన్ని ఒడ్డున అనుపు వద్ద ఉన్నవి. అచ్చటి మహాచైత్యమును మూడవ శతాబ్దిలో కట్టించినది చాంతిసిరి అను రాజకుటుంబపు స్త్రీ. మన విద్యార్థినులు ఈ పేరు గుర్తుంచుకొందురు గాక! మంజీరపై 1923–31 మధ్య కట్టిన నిజాం సాగరము ప్రక్కన నివసించు మహమ్మద్ నగర్ వారికి, ఒక ఆనకట్ట వెనుక ఏమేమి మునుగునో కన్నులార చూచుట మంచి పాఠమే.

హైదరాబాదు నుండియే సాగరము సుమారు 150 కిలోమీటర్లు. కావున ఒక్క రోజులో పోయి వచ్చుట కుదరదు. రాత్రి విజయపురిలో బస చేసి ఉదయమే లాంచీ ఎక్కవలెను. కొండపై ప్రదర్శనశాలకు శుక్రవారము సెలవు. జుమా నమాజు దృష్ట్యా మనకును ఆ రోజు ప్రయాణము అనుకూలము కాదు కనుక చిక్కు లేదు. నవంబరు, ఫిబ్రవరి మధ్య కాలము మేలు. వానలకు నిండిన నీరు, పచ్చదనము అప్పటికింకను ఉండును. మార్చి దాటినచో రాతినేల కాళ్లను కాల్చును. లాంచీలు గాలి, నీటిమట్టము, ప్రయాణికుల సంఖ్యలను బట్టి నడచును. కనుక ముందురోజే విచారించి, తిరుగు లాంచీ వేళను వ్రాసి ప్రతి ఒక్కరి చేతికి ఇయ్యవలెను. ఆఖరి లాంచీ తప్పినచో నడచి వచ్చు త్రోవ లేదు!

లాంచీలో పరిమితికి మించి ఎక్కించుట కనబడినచో దిగిపోవలెను. డబ్బు పోయినను సరే. రక్షణ కవచము అందరికి చాలునా అని చూచి, కట్టుకొన్న పిదపనే లాంచీ కదలవలెను. తలక్రింద పెట్టుకొని కూర్చుండుటకు కాదు అది. పదిమందికి ఒక నాయకుడు, నాయకురాలు చొప్పున ఉండి, ఎక్కునప్పుడు, దిగునప్పుడు, కొండపై బయలుదేరునప్పుడు పేర్లు పిలిచి లెక్కించవలెను. తలలు లెక్కించిన చాలదు; ఒకని బదులు మరియొకడు లెక్కకు రావచ్చును. నడకలో అందరికన్న వెనుక ఒక అధ్యాపకుడు నడవవలెను. ఫొటోల కొరకు ఆగిపోవు వారు ఎల్లప్పుడు వెనుకనే ఉందురు.

ఒక విషయము ప్రత్యేకించి చెప్పవలసి యున్నది. జొహర్ నమాజు వేళ కొండపైననే అగును. వజూ కొరకు ఎవరును ఒడ్డుకు దిగరాదు. రాళ్లు పాకుడు పట్టి జారును. నీరు అడుగు తీయగానే లోతగును. ఆ జలాశయమున మొసళ్ళు కలవు. కావున త్రాగు నీటికి అదనముగా వజూకు కూడ డబ్బాలలో నీరు మోసుకొని పోవలెను, ఆ భారమును వంతుల వారీగా పంచుకొనవలెను. ఖాళీ డబ్బాలు, ప్లాస్టిక్ కవర్లు తిరిగి మనతోనే రావలెను. శిల్పముల రాళ్లపై పేర్లు చెక్కు దురభ్యాసము మన వారిలో ఎవరికైన ఉన్నచో, వారిని బస్సు ఎక్కించకుండుటయే మంచిది.

ఖర్చు విషయములో బస్సు, బస, లాంచీ, భోజనము నాలుగును విడివిడిగా వ్రాసి కమిటీకి సమర్పించవలెను. ఇచ్చుకొనలేని విద్యార్థుల పేర్లు మాత్రము నోటీసు బోర్డుకు ఎక్కరాదు. తలిదండ్రుల అంగీకార పత్రము తెలుగు, ఉర్దూ రెండింటిలోను ఉండవలెను. చదువరాని వారికి దానిని చదివి వినిపించవలెను, ముఖ్యముగా నీటి ప్రయాణమున్నదన్న వాక్యమును.