రుక్మిణి సందేశము

పెండ్లి కుదురుటకై కన్యలచే రుక్మిణీకల్యాణమును పారాయణము చేయించుట తెలుఁగిండ్ల నాచారము. అన్న కుదిర్చిన రాచసంబంధమును త్రోసివైచిన కన్నె కథ యిందులకు వినియుక్త మగుట వింతయే. భద్రాద్రి కల్యాణోత్సవమునఁ గొలువఁబడు సీత తండ్రి యొడ్డిన పణమునకుఁ గట్టువడినది. 15వ శతాబ్దినాఁటి పోతన తెనిఁగించిన భాగవతమున రుక్మిణి వరునిఁ దానే యెన్నుకొనెను. తన్ను శిశుపాలున కీఁదలఁచిన రుక్మి నిశ్చయ మెఱిఁగి, కృష్ణునికడకు ద్వారకకు విప్రునిఁ బంపెను. మూలమునఁ బేరులేని యీ దూతను పోతన యగ్నిద్యోతనుఁ డనెను.

సందేశమునఁ బ్రణయముకంటె నుపాయమే గణింపఁదగినది. అంతఃపురమునుండి కొనిపోవలె నన్న బంధువులు చత్తురు గదా యను శంకకు నామెయే మార్గము చూపెను: వివాహమునకు ముందునాఁడు వధువు కులాచారముచొప్పునఁ బురము వెలుపలి గౌరిని సేవింపఁబోవును; అప్పుడు రావలెను. ఇది కేవలము యుద్ధనీతి గాదు. పిమ్మటఁ దఱిమివచ్చి చిక్కిన రుక్మినిఁ గృష్ణుఁడు చంపఁబూనఁగా, నడ్డుపడి ప్రాణభిక్ష వేఁడినది రుక్మిణియే. తలయు మీసములును గొఱుగఁబడి వాఁడు బ్రదికెను.