కళాశాలలో తొలియేడు: ఇంటివారి కర్తవ్యము

వేసవి సెలవులు కడతేరినంతనే రేపల్లె నుండి తెనాలికి బోవు ప్రొద్దుటి రైలులో క్రొత్త ముఖములు కానవచ్చును. నిన్నటివరకు రెండు జడలతో ఊరి హైస్కూలునకు నడచిపోయిన బాలికలు నేడు భుజమున సంచి తగిలించుకొని, ‘కాలేజీ పిల్లలము’ అను గౌరవముతో కిటికీ ప్రక్కన కూర్చుందురు. మావారు హైస్కూలులో ఉపాధ్యాయులగుటచే, పదవ తరగతి నెగ్గిన పిల్లలు మిఠాయి పొట్లముతో మా గుమ్మమునకు వచ్చుట మాకు ఏటేటి ముచ్చట. వారిలోనే కొందరు దసరా సెలవులకు మరల వత్తురు. అప్పటికి వారి ముఖములు వాడియుండును. ఈ నడుమ ఏమి జరిగినది? ఆ సంగతినే నేడు సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

వెనుకటి కాలమున కాలేజీ చదువనిన గుంటూరునకో మద్రాసునకో పోవలసినదే. గుంటూరున ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లోనే వెలసినది గాని, ఆడపిల్లను అంత దూరము పంపిన ఇండ్లు వ్రేళ్లపై లెక్కింపదగినవి. తెనాలి నుండి రేపల్లెకు రైలుదారి 1916లో వచ్చినది. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లోను, తెనాలిలో స్త్రీలకై జె.ఎం.జె. కళాశాల 1963లోను ఏర్పడినవి. 1969-70లో రెండేండ్ల ఇంటర్మీడియట్ చదువు ప్రవేశపెట్టబడి, 1971లో దానికి ప్రత్యేకముగా బోర్డు నెలకొన్నది. ఇట్లు కాలేజీ మన గడప చెంతకు వచ్చినది. దారి దగ్గరైనంత మాత్రమున ఆ మెట్టు ఎక్కుట సులభమైనదని మనము భ్రమపడితిమి. మేమును అట్లే భ్రమపడితిమి. ఆ కథ చెప్పెదము.

కొన్నియేండ్ల క్రిందట మా ఆడబిడ్డ కూతురు మా యింట నుండి తెనాలి కాలేజీలో చదువుకొనుచుండెను. పదవ తరగతిలో ఆ పిల్ల తన బడికెల్ల మొదటిది. తెలుగు మాధ్యమమున చదివినది. ఇంటర్మీడియట్‌లో లెక్కలు, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము తీసికొని, ఇంగ్లీషు మాధ్యమమున చేరినది. దసరాకు ముందు మేము ఇల్లు దులుపుచు బియ్యపు డబ్బా జరుపగా, దాని క్రింద మడతలు పెట్టిన కాగితమొకటి దొరకెను. లెక్కల పరీక్ష పేపరు. 75 మార్కులకు 19.

“ఏమమ్మా ఇది?” అని అడిగితిమి. పిల్ల గోడకు చేరగిలబడి, “అత్తయ్యా, నాన్నకు మాత్రము చెప్పవద్దు. ఒక్క సబ్జెక్టు పోయినను చదువు మాన్పించి సంబంధము చూచెదనన్నారు” అని వెక్కి వెక్కి ఏడ్చెను.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. నెలల తరబడి పిల్ల ఒంటరిగా ఆ బరువు మోయుచుండగా మేమేమి చేసితిమి? సాయంకాలము రైలు దిగి వచ్చినంతనే, “నీళ్లు తోడి, దీపము పెట్టి, కూర తరుగు” మంటిమి. భోజనముల వేళ, “మార్కులెన్ని వచ్చినవి?” అని మాత్రమే అడిగితిమి. ఏమి అర్థమైనది, ఏమి కాలేదు అని ఒక్కనాడును అడిగియుండలేదు. తప్పు మార్కుల కాగితములో లేదు, మా ప్రశ్నలో నున్నది.

పిల్లను కూర్చుండబెట్టి అడుగగా అసలు కష్టము బయటపడినది. హైస్కూలులో ఉపాధ్యాయుడు పిల్లనెరుగును, తండ్రినెరుగును. ఇంటిలెక్క చేయనిచో ఆనాడే చెవి మెలిపెట్టును. కాలేజీలో అధ్యాపకుడు గంటసేపు చెప్పి వెళ్లిపోవును, తరగతి పెద్దది, పిల్ల అడిగిననే గాని ఆమెకు తెలియలేదని ఆయనకు తెలియదు. వెనుక ఒక్క సామాన్యశాస్త్రముగా నున్నది ఇప్పుడు వేర్వేరు శాస్త్రములైనది. వీటన్నిటికి పైన భాష. ప్రమేయములు, మాత్రికలు, సదిశలు అని తెలుగున చెప్పిన గ్రహింపగల పిల్ల, అవే ఇంగ్లీషు పేర్లతో వచ్చుసరికి పరాయి ఇంట అడుగిడినట్లు బెదరిపోయెను. తెలియదని అడిగిన తక్కిన పిల్లలు నవ్వుదురేమోనని నోరు మూసికొనెను. బడికెల్ల మొదటి పిల్లకు ‘నాకు తెలియదు’ అనుట ఎంత కష్టము!

మేము కాలేజీ గడప ఎన్నడును త్రొక్కినవారము కాము. మా చదువెల్ల ఇంట తండ్రిగారి యొద్దనే. ఐనను ఆనాడు మాకు తైత్తిరీయోపనిషత్తులోని భృగువు కథ తోచి, పిల్లకు చెప్పితిమి. భృగువు తండ్రియగు వరుణుని యొద్దకు పోయి బ్రహ్మమునుగూర్చి చెప్పుమనెను. వరుణుడు గురుతులు మాత్రము చెప్పి, తపస్సు చేసి తెలిసికొమ్మనెను. భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని గ్రహించి, అంతటితో తృప్తి చెందక తిరిగి వచ్చెను. తండ్రి అతనిని గద్దింపలేదు, చదువు మాన్పింపలేదు. మరల తపస్సు చేయుమనెను. పిదప ప్రాణము, ఆ పిదప మనస్సు, ఆ పిదప విజ్ఞానము, చివరకు ఆనందము. తొలి జవాబుతో ఆగిపోయినచో భృగువు భృగువు కాకపోవును. “హైస్కూలు గురువు ముద్ద కలిపి నోట పెట్టువాడు, కాలేజీ గురువు వరుణుని వంటివాడు. ఈ 19 నీ తొలి జవాబు. మరల పోయి అడుగుము” అంటిమి.

మాట చెప్పుట తేలిక. పని వేరుగా నుండును. మావారు స్వయముగా మా ఆడబిడ్డ ఇంటికి పోయి ఆ పేపరు బావగారి చేతబెట్టిరి. మొదటి సంవత్సరమున ఒక సబ్జెక్టు తప్పినను రెండవ సంవత్సరమునకు పోవుటకు అడ్డులేదనియు, వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదనియు విప్పి చెప్పిరి. ఆ సంగతి తెలియకనే ఆయన అంత మాట అనియుండెను. చాలసేపు మౌనముగా నుండి, “సరే, ఈ రెండేండ్లు చూతము” అనిరి. ఆ యొక్క మాటతో పిల్ల తిండి తినసాగెను.

తెలుగు అకాడమీ 1968లో ఏర్పడినది మొదలు ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకములను తెలుగున ప్రచురించినది. ఆ లెక్కల పుస్తకమును కొని ఇంగ్లీషు పుస్తకము ప్రక్కన పెట్టితిమి. పిల్ల ఒక నోటుపుస్తకమున ఇంగ్లీషు మాటకు ఎదుట తెలుగు మాట వ్రాసికొనెను. తోడి బాలికలు ఇద్దరితో ఒప్పందము చేసికొనెను: భట్టిప్రోలు దాటులోపల నిన్నటి పాఠము, వేమూరు దాటులోపల ఒక లెక్క, తెనాలి చేరులోపల అధ్యాపకుని అడుగవలసిన ప్రశ్న. ఒకనాడు ధైర్యము చేసి తరగతి ముగిసిన పిదప అడుగగా, ఆయన విసుగుకొనక నల్లబల్లపై మరల చేసి చూపెనట. ఇంట మేము చేసినది ఒక్కటే. పిల్ల వచ్చిన తరువాత ఒక గంట ఆమెకు ఏ పనియు చెప్పలేదు. ఆ గంట వంటయింటికి బరువైనదేమియు కాదు. ఏడాది చివర ఆ పిల్ల కాలేజీకి మొదటిది కాలేదు. అన్ని సబ్జెక్టులు నెగ్గినది. మాకది చాలును.

కావున సోదరీమణులకు మా మనవి యిది. మీ బిడ్డ కాలేజీలో చేరిన తొలి నాలుగు నెలల మార్కులను చూచి ఆమె తెలివిని తూకము వేయవలదు. ‘ఎన్ని వచ్చినవి’ అనుటకు ముందు ‘ఈనాడు ఏది తెలియలేదు’ అని అడుగుడు. రెండవ భాషగా సంస్కృతము తీసికొన్న మార్కులు హెచ్చని తెలుగును విడుచువారు పెక్కుమంది. సంస్కృతమన్న మాకు ప్రాణమే. కాని మార్కులకై సంస్కృతమును, మార్కులకై తెలుగు త్యాగమును చేయుట ఆ రెండు భాషలకును మర్యాద కాదు. బిడ్డ ఇష్టమునడిగి నిర్ణయింపుడు.

వసతిగృహములలో చేర్చిన తల్లులు మరింత మెలకువగా నుండవలెను. తెల్లవారుజాము మొదలు రాత్రివరకు పుస్తకము ముందు కూర్చుండు పిల్లకు వారమునకొక్క ఫోను పిలుపే పుట్టిల్లు. దానిని మందలింపులతో వ్యర్థము చేయరాదు. పెద్ద తరగతివారు వేధించినచో దాచుకొనవలసిన పని లేదని ముందే చెప్పుడు. ర్యాగింగును నిషేధించు చట్టము మన రాష్ట్రమున 1997లోనే వచ్చినది. ఫలితములు వెలువడిన దినమున పసిప్రాణములు తీసికొన్న పిల్లల వార్తలు మనము చదివినవే. బిడ్డ తిండి మాని, నిద్ర మాని, మాట మానినచో ‘మొండితనము’ అని కొట్టివేయక చెంత కూర్చుండుడు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416కు ఫోను చేసిన, మనసు కష్టమును విని సలహా చెప్పువారు కలరు. ఆ అంకెను పాలలెక్క వ్రాసికొను క్యాలెండరు పైననే వ్రాసి పెట్టుకొనుడు.

మా పిల్ల తరువాత బాపట్లలో ఇంజనీరింగు చదువునకు చేరినది. అక్కడ హాస్టలు, మరల క్రొత్త ముఖములు, మరల తొలియేడు. మొదటి సెమిస్టరు ఫలితములు వచ్చిననాడు తానే ఫోను చేసినది. “అత్తయ్యా, ఒకటి పోయినది. నాన్నకు నేనే చెప్పితిని. ఇది తొలి జవాబేగదా!” అని నవ్వెను. బియ్యపు డబ్బా క్రింద కాగితము దాచిన పిల్లయేనా యిది యని మాకు కన్నులు చెమర్చినవి.