జర్నలిజం చదువుకు విమానమెక్కితే...

ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్లినవాళ్లు మన దగ్గర వీధికొకరు ఉంటారు. వాళ్లలో జర్నలిజం చదివేవాళ్లను మాత్రం వెతికి పట్టుకోవాల్సిందే. కంప్యూటర్ కోర్సులకైతే దారి చెప్పే సీనియర్లు బోలెడుమంది. ఈ చదువుకు ఎవరి దారి వాళ్లే చూసుకోవాలి. ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి యూనివర్సిటీ పేరు కంటే వీసాలోని చిన్న షరతే పెద్దదైపోతుంది. ఆ సంగతులు కొన్ని, వాటితోపాటు కాస్త చరిత్ర...

పట్టా లేని గురువు

అమెరికాలోని మిస్సోరి యూనివర్సిటీలో జర్నలిజం స్కూలు పెట్టిన వాల్టర్ విలియమ్స్ అసలు కాలేజీ గడప తొక్కలేదు. ప్రపంచంలో తొలి జర్నలిజం స్కూలు తమదేనని మిస్సోరి వాళ్లు అంటారు. 1899లోనే మొదలైన పారిస్ స్కూలు ఉండగా ఆ మాట చెల్లుతుందా అన్నది వేరే పేచీ. మిస్సోరిలో 1908 సెప్టెంబరు 14న తరగతులు మొదలయ్యాయి. అదే రోజు విద్యార్థుల పత్రిక తొలి సంచికా వచ్చేసింది! అక్కడి కేఓఎంయూ టీవీ ఇప్పటికీ యూనివర్సిటీ సొంత చానలే. విద్యార్థి పొద్దున తెచ్చిన వార్త సాయంత్రం ఊరంతా చూసే బులెటిన్‌లో వస్తుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు మార్కుల జాబితా కంటే ముందు అడిగేది ఇలాంటి వార్తలనే.

ఇంగ్లిష్ రాని పులిట్జర్

ప్రఖ్యాత జర్నలిజం బహుమతికి పేరిచ్చిన జోసెఫ్ పులిట్జర్ హంగరీ నుంచి 1864లో అమెరికా చేరింది అక్కడి అంతర్యుద్ధంలో సిపాయిగా పనిచేయడానికి. అప్పటికి ఆయనకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. విలేకరిగా తొలి అడుగులు వేసింది కూడా సెయింట్ లూయిస్‌లోని జర్మన్ భాషా పత్రికలోనే. ఆయన రాసిచ్చిన సొమ్ముతోనే, ఆయన పోయిన మరుసటి ఏడాది, 1912లో కొలంబియా యూనివర్సిటీ జర్నలిజం స్కూలు తెరుచుకుంది.

1937లోనే మనవాడు

పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు గోవింద్ బిహారీ లాల్. చదువుకోవడానికి కాలిఫోర్నియా వెళ్లి, గదర్ ఉద్యమంలో తిరిగి, హర్‌స్ట్ పత్రికల్లో సైన్సు విలేకరి అయ్యారు. హార్వర్డ్ 300 ఏళ్ల వేడుకల్లో జరిగిన శాస్త్ర చర్చలను జనానికి అర్థమయ్యేలా రాసినందుకు, మరో నలుగురితో కలిసి 1937లో ఆ బహుమతి పంచుకున్నారు.

ఆరంకెల అదృష్టం

అమెరికాలో చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పనిచేయొచ్చు. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే మరో 24 నెలలు కలుస్తాయి. యూనివర్సిటీ పంపిన ఐ-20 పత్రం తెరిచి కోర్సు పేరు పక్కన ఉన్న ఆరంకెల కోడ్ చూడండి. 09.0401 అని ఉంటే అది మామూలు జర్నలిజం, స్టెమ్ కాదు. డేటా జర్నలిజం లాంటి కోర్సులను కొన్ని యూనివర్సిటీలు స్టెమ్ కోడ్ కింద నడుపుతాయి. ఫీజు కట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇంకో మెలిక: మొదటి 12 నెలల ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. అయితే తమ రంగంలోనే వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా పనిచేసినా ఉద్యోగం కిందే లెక్క. పైసా ఇవ్వని ఇంటర్న్‌షిప్ కూడా ఇలా వీసాను కాపాడుతుంది.

లాటరీ లేని రేడియో

అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఏటా 85,000 వీసాల పరిమితి, దానికో లాటరీ. యూనివర్సిటీలు ఇచ్చే ఉద్యోగాలకు ఆ పరిమితి వర్తించదు. అమెరికాలో చాలా పబ్లిక్ రేడియో స్టేషన్ల లైసెన్సులు యూనివర్సిటీల పేరిటే ఉన్నాయి. అక్కడ జీతమిచ్చేది యూనివర్సిటీయే అయితే లాటరీ బెడద తప్పుతుంది. కాకపోతే 2025లో పబ్లిక్ రేడియోకిచ్చే ఫెడరల్ నిధులకు కోత పడింది. ఆశ పెట్టుకునేముందు అదీ చూసుకోవాలి.

వ్యాసం అమ్మితే తప్పు!

బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీదున్నవాళ్లు సెలవులు కాని రోజుల్లో వారానికి 20 గంటల వరకు ఉద్యోగం చేసుకోవచ్చు. స్వయం ఉపాధి మాత్రం నిషేధం. కేఫ్‌లో కప్పులు కడిగితే పర్వాలేదు. ఫ్రీలాన్స్‌గా పత్రికకు వ్యాసం అమ్మితే వీసా షరతు మీరినట్టే. చదువయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసాలో ఈ ఆంక్ష లేదు. అది ప్రస్తుతం రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీ వాళ్లకు 18 నెలలే.

షార్ట్‌హ్యాండ్ ఇంకా బతికే ఉంది

మన ఊళ్లలో టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు ఎప్పుడో తుప్పుపట్టాయి. బ్రిటన్‌లో జర్నలిస్టుల శిక్షణ మండలి ఎన్‌సీటీజే వారి జర్నలిజం పరీక్షల్లో నిమిషానికి 100 పదాల షార్ట్‌హ్యాండ్‌కు ఇప్పటికీ గౌరవం ఉంది. కారణం కోర్టులు. అక్కడి కోర్టు హాల్లో అనుమతి లేకుండా మాటలు రికార్డు చేస్తే కోర్టు ధిక్కారమే. సాక్షి చెప్పింది చెప్పినట్టు కావాలంటే నోట్‌బుక్కే గతి. వాళ్లు నేర్చుకునేది మన పిట్‌మన్ కాదు, అచ్చుల్ని చాలావరకు వదిలేసి అక్షరాలను కుదించి రాసే టీలైన్.

డిప్లొమానా, డిగ్రీనా?

కెనడాలో 2024 నవంబరు 1 నుంచి నిబంధన మారింది. కాలేజీ డిప్లొమా చదివినవాళ్లకు చదువయ్యాక వర్క్ పర్మిట్ రావాలంటే ఆ కోర్సు ప్రభుత్వ జాబితాలో ఉండాలి. జర్నలిజం అందులో లేదు. యూనివర్సిటీ డిగ్రీకీ పీజీకీ ఆ జాబితాతో పనిలేదు. డిప్లొమా ఫీజు చవకని మురిసిపోతే ఆనక చిక్కే.

ఒకే పీజీ, రెండు దేశాలు

యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ జర్నలిజం కోర్సు 2005 నుంచి ఉంది. మొదటి ఏడాది డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో, రెండో ఏడాది మరో దేశంలో చదువుతారు. స్కాలర్‌షిప్ వస్తే నెలనెలా ఖర్చులకూ డబ్బిస్తారు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు

పదేళ్లుగా విలేకరిగా ఉన్నవాళ్లు మళ్లీ పీజీలో చేరనక్కర్లేదు. జర్నలిస్టుల కోసం హార్వర్డ్‌లో 1938లో మొదలైన నీమన్ ఫెలోషిప్‌కు డిగ్రీ ఉండాలన్న నియమం లేదు, చివర్లో డిగ్రీ ఇవ్వరు కూడా. ఏడాదిపాటు నచ్చిన క్లాసులో కూర్చోవచ్చు.

వీసా అడగని బీబీసీ

బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది. డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటకూడదన్న నిబంధన రావడంతో, 2024 నుంచి ఆ పనిని కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ సంస్థ చూస్తోంది. లండన్ పేరున్న వార్తలను ఇక్కడే కూర్చుని, తెలుగులో రాసే ఉద్యోగాలివి. విదేశంలో నేర్చిన పనితనం వీటికి పనికొస్తుంది, వీసా గడువుతో నిమిత్తం లేదు. అందుకే ఫారిన్‌లో ఉన్నన్నాళ్లూ ఇంగ్లిష్‌కు ఎంత సాన పెట్టినా, వారానికొక్కటైనా తెలుగులో రాస్తూ ఉండటం తెలివైన పని.