పోర్సాల్ తీరము

ఫ్రాన్సు దేశపు పటములో పడమట సముద్రములోనికి చొచ్చుకొని పోయిన భాగమే బ్రిటనీ. దాని వాయవ్యపు కొనలో ప్లూదల్‌మెజో ఊరికి చేరికగా పోర్సాల్ అను చిన్న రేవుపల్లె కలదు. ఇచ్చటి ఆటుపోట్ల వ్యత్యాసము పెద్ద పోటుల నాడు ఏడు మీటర్లకు మించును. ఆటు వేళ పడవలు బురదపై ఒరిగి యుండును. పోటు వేళ అవియే తేలియాడును. సమీపమున త్రెయోంపాన్ తెల్లని ఇసుకతీరము, దాని వెనుక ఇసుక దిబ్బలు. పూర్వము ఇచ్చటివారు సముద్రపు నాచును ఎండబెట్టి, రాతిగుంటలలో కాల్చి, ఆ బూడిద నుండి అయొడిన్ తీయుటకు అమ్ముకొనెడివారు.

ఈ పల్లె పేరు లోకమునకు తెలిసినది మాత్రము 1978 మార్చి 16న. 2,20,000 టన్నులకు పైగా ముడిచమురుతో పోవుచున్న అమోకో కాదిజ్ అను నౌకకు ఆ ఉదయము చుక్కాని చెడినది. దానిని లాగవచ్చిన నౌకకును దీనికిని షరతుల సంప్రదింపులు సాగినవి. కట్టిన గొలుసు తెగినది. రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున నౌక పోర్సాల్ రాళ్ళపై కెక్కినది. పల్లెవారికి చమురు కనబడుటకు ముందే దాని వాసన తెలిసినది! సరుకంతయు సముద్రము పాలై, 300 కిలోమీటర్లకు పైగా తీరము నల్లబడినది.

మనము గ్రహింపదగిన విషయమొకటి ఇచ్చట కలదు. అలలు బలముగా కొట్టు రాతితీరములు కొన్ని ఏండ్లలోనే చాలవరకు శుభ్రపడినవి. అల చమురును చీల్చును. సూక్ష్మజీవులు దానిని తినివేయును. అలలు చేరని ఏటిమొగలలోను ఉప్పు చిత్తడి నేలలలోను చమురు బురద లోపలికి ఇంకి నిలిచినది. తూర్పున నున్న ఇల్ గ్రాండ్ చిత్తడిలో యంత్రములతో చమురుతోబాటు మన్నును కూడ లోతుగా తీసివేసిరి. అచ్చట మొక్కలు తిరిగి మొలచుట మరింత ఆలస్యమైనది. తొందరపాటు శుభ్రత చేసిన కీడు చమురు చేసిన కీడుకు తీసిపోలేదని మాకు తోచుచున్నది.

ప్లూదల్‌మెజో మేయరు అల్ఫోన్స్ అర్జెల్ నాయకత్వమున తీరగ్రామములు ఏకమై, అమెరికాలోని షికాగో న్యాయస్థానమున ఆ చమురు సంస్థపై దావా వేసినవి. 1984లో సంస్థదే బాధ్యత యని తీర్పు వచ్చినది. పరిహారపు వ్యవహారము 1992 వరకు నడచినది. కోరినంత సొమ్ము రాలేదు.

ఆ నౌక లంగరును పోర్సాల్ రేవుగట్టుపై నిలిపి యుంచిరి. ఆటు వేళ దాని క్రిందనే పడవలు బురదలో ఒరిగి యుండును.