పడటమే మొదటి పాఠం

పుదుచ్చేరి పట్టణంలో విమానాశ్రయమూ, పలు విద్యాసంస్థలూ ఉన్న ప్రాంతం లాస్‌పేట. అక్కడి ప్రభుత్వ కళాశాలల్లో ఒకటి రవీంద్రనాథ ఠాగూరు పేరు మీద ఉన్నది. ఆ కవికీ జూడో కుస్తీకీ సంబంధమేమిటని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. మన దేశంలో ఈ విద్యకు తొలినాళ్ళలో ఆశ్రయమిచ్చిన వారిలో ఆయన ముఖ్యులు. షింజో తకగాకి అనే జపాను గురువును 1929లో శాంతినికేతనానికి రప్పించి, బాలురతో పాటు బాలికలకు కూడా జూడో నేర్పించారు.

ఈ విద్యను రూపొందించినవాడు జిగొరో కానో. చిన్ననాడు బక్కపలచగా ఉండి, తోటి పిల్లల చేతిలో బాధలు పడ్డవాడు. 1882లో టోక్యోలో ఒక బౌద్ధాలయపు గదిలో, పన్నెండు చాపల స్థలంలో కొద్దిమంది శిష్యులతో ఆయన బోధన ప్రారంభించాడు. ఎదిరి బలాన్ని ఢీకొనక, దానినే వాడుకొని అతనిని పడగొట్టడం ఇందులోని కీలకం. అంతకన్న ముందు నేర్పేది పడటం. గడ్డాన్ని గుండెకు ఆనించి, అరచేతితో చాపను చరుస్తూ పడితే తలకు దెబ్బ తగలదు.

అన్ని వయసులవారికీ, అన్ని బెల్టులవారికీ ప్రవేశమున్న ప్రాంతీయ పోటీలో ఈ పాఠం విలువ తేటతెల్లమవుతుంది. ఉదయం పేర్లు నమోదు చేసి, బరువు తూచి, వయసునుబట్టి జట్లు కడతారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడూ, తల నెరసిన గృహస్థుడూ ఒకే వరుసలో తమ పిలుపు కోసం కూర్చుంటారు. పోటీదారులు తక్కువైనప్పుడు, నిన్నమొన్న చేరిన తెల్లబెల్టుకు ఏళ్ళ తరబడి సాధన చేసినవాడు ఎదురుపడటం కద్దు. ఎదుటివానిని వెల్లకిలా, వేగంగా, బలంగా పడవేస్తే ‘ఇప్పోన్’. ఆట అక్కడితో సరి. ఇరవై సెకనులు కదలకుండా అదిమి పట్టినా అంతే. పెద్దల ఆటకు నియమిత కాలం నాలుగు నిమిషాలే. కాని మొదటిసారి చాప మీద కాలుపెట్టినవానికి అది నాలుగు గంటలుగా తోస్తుంది. చిక్కుకున్నవాడు రెండుసార్లు చేతితో తట్టితే ప్రత్యర్థి వెంటనే పట్టు వదలాలి. ఓటమిని ఒప్పుకొనే ధైర్యం ఉన్నవానికే గాయం తప్పుతుంది.

అయితే గెలుపు మీది మోజు ఈ మర్యాదను మింగివేసే ప్రమాదం లేకపోలేదు. జూడో పుట్టినింట, 1983 తరువాతి సుమారు మూడు దశాబ్దాలలో పాఠశాలల్లో వందమందికి పైగా పిల్లలు ఈ ఆటలో మరణించారు. వారిలో చాలామందికి తలదెబ్బలే కారణమయ్యాయి. గెలుపే సర్వస్వమనే ధోరణి చిన్నపిల్లలకు తగదని భావించి, జపాను జూడో సమాఖ్య 2022లో ప్రాథమిక పాఠశాల విద్యార్థుల జాతీయ వ్యక్తిగత పోటీలను రద్దు చేసింది. పతకం కోసం పిల్లవానిని తొందరపెట్టే తలిదండ్రులు ఒక్కక్షణం ఆగి ఆలోచించవలసిన విషయమిది.

పోటీ వల్ల ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. చూపు లేనివారి జూడోలో ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్న తరువాతనే ఆట మొదలవుతుంది. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో కపిల్ పర్మార్ కాంస్యం గెలిచి, జూడోలో భారతదేశానికి తొలి పారాలింపిక్ పతకం తెచ్చాడు. బాల్యంలో విద్యుదాఘాతానికి గురై క్రమంగా చూపు పోగొట్టుకున్న యువకుడతడు.

పరస్పర క్షేమం కానో చెప్పిన రెండు సూత్రాలలో ఒకటి. అందుకే ఆటకు ముందూ, ఆట ముగిశాకా ఇద్దరూ వంగి నమస్కరిస్తారు. సాయంత్రం ఇంటిదారి పట్టే తెల్లబెల్టు చేతిలో పతకం ఉండకపోవచ్చు. నలుగురి ముందు పడి, దెబ్బ తగలకుండా లేచి, తనను పడగొట్టినవానికి నమస్కరించి వచ్చాడతడు. ఆనాటి పాఠం అతనికి వచ్చినట్లే.