వర్సేల్సు తోటలో నీటి కఱవు

రాజులు తమ తోటలను అతిథులకు చూపించుట క్రొత్త విషయము కాదు. కాని ఆ తోటలో ఏ వరుసను నడువవలెనో, ఎచ్చట ఆగవలెనో, ఏ మెట్టు దిగిన పిమ్మట వెనుకకు తిరిగి మేడను చూడవలెనో తానే వ్రాసియిచ్చిన రాజు అరుదు. ఫ్రాన్సు దేశము నేలిన పదునాలుగవ లూయీ అట్టివాడు. వర్సేల్సు ఉద్యానములను చూపవలసిన రీతిని గూర్చి ఆయన 1689 మొదలు 1705 వఱకు ఒక చిన్న పత్రమును పలుమార్లు వ్రాయించి దిద్దెను. అందు వర్ణన లేదు, కవిత్వము లేదు, ఉన్నవెల్ల ఆజ్ఞలే. ఆ త్రోవలో కొంతదూరము మాత్రమే నేడు మా పాఠకులను కొనిపోదుము. తోటనంతయు చూచుటకు ఒక దినము చాలదు.

మేడ వెనుకనున్న విశాలమైన తిన్నెపై రెండు కొలనులు కలవు. వాని గట్లమీద సేను, లోయరు, రోను, గరోను అను నాలుగు మహానదులును వాని ఉపనదులు నాలుగును కంచు విగ్రహములై స్త్రీపురుష రూపములతో పవ్వళించియున్నవి. శిల్పము మనోహరమే. కాని ఈ యెనిమిది నదులలో ఒక్కటియు వర్సేల్సు ముంగిట పాఱదు. పారిసు నగరమునకు పండ్రెండు మైళ్ల దూరముననున్న ఈ చోటు పూర్వము చిత్తడినేలలును అడవియు నిండిన వేటస్థలము. పదమూడవ లూయీ అచ్చట వేటకొఱకు ఒక చిన్న మేడ కట్టుకొనియుండెను. అట్టి నేలమీద 1661 తరువాత ఆంద్రే లెనోత్రు అను ఉద్యానశిల్పి ఈ మహోద్యానమును నిర్మింప నారంభించెను. కంచుతో నదులను పోతపోయుట తేలిక, నీటిని తెచ్చుటయే కష్టము. ఈ తోట చరిత్రమున ముఖ్యభాగము ఆ కష్టముయొక్క చరిత్రమేయని మా యభిప్రాయము.

తిన్నె దిగినంతనే లటోనాదేవి జలయంత్రము కానవచ్చును. దేవి తన యిద్దఱు బిడ్డలతో నిలిచియుండును. ఆమె చుట్టును కప్పలు, సగము కప్పలుగా మాఱిన మనుష్యులు. దప్పిగొనివచ్చిన తల్లికి లిసియా దేశపు పల్లెవాండ్రు నీరు త్రాగనీయక కొలనును కలచి బురద చేసిరనియు, అందుచే వారు కప్పలైపోయిరనియు గ్రీకుల పురాణగాథ. నీరీయని పల్లెవాండ్రను దండించు ఈ కథను, చుట్టుపట్ల మెట్టభూముల వాననీటిని కాలువలు త్రవ్వించి తన తోట చెఱువులకు మళ్లించుకొన్న రాజు తన కిటికీల యెదుటనే నిలుపుకొనుట వింతగా లేదా?

అచ్చటనుండి సుమారు 1,100 అడుగుల పొడవుగల పచ్చిక బాట నడచినచో సూర్యదేవుడైన అపోలో గుఱ్ఱములను పూన్చిన రథముతో నీటినుండి పైకి లేచుచు కనబడును. దాని వెనుక ఇంచుమించు ఒక మైలు పొడవుగల పెద్దకాలువ కలదు. 1674లో వెనిసు ప్రభుత్వము పంపిన పడవలును, వానిని నడపు వెనిసు నావికులును ఆ కాలువలో విహారములకు ఉపయోగపడుచుండిరి.

ఇక ఈలల సంగతి. తోటలోని జలయంత్రములన్నియు ఒక్కసారిగా ఆడించుటకు చాలినంత నీరు లేకపోయెను. అందుచే యంత్రముల కావలివాండ్రను అక్కడక్కడ నిలిపి, రాజుగారు సమీపించుచున్నారనగా ఈల వేయుటకు ఏర్పాటు చేసిరి. ఈల విన్నవాడు గొట్టము మర త్రిప్పును, నీరు ఎగయును. రాజు ఆ మలుపు దాటగనే మర కట్టివేసి తరువాతి యంత్రమునకు నీరు మిగిల్చెడివారు. రాజుగారి కన్నులకు మాత్రము ఉద్యానమంతయు నిరంతరము నీటితో కళకళలాడుచున్నట్లే యుండెను. పెద్ద అధికారులు వచ్చు దినమున మాత్రము త్రోవలకు సున్నము వేయించు ఊళ్లను మా పాఠకులు ఎఱుగుదురు గనుక ఈ ఏర్పాటును ఇంతకంటె వివరింపనక్కఱలేదు.

నీటికొఱకు జరిగిన ప్రయత్నములు సామాన్యమైనవి కావు. సేను నదిపై మార్లీ యొద్ద 1684లో ఒక మహాయంత్రమును ప్రారంభించిరి. సుమారు నలువది అడుగుల వ్యాసముగల పదునాలుగు చక్రములు నదీప్రవాహముచే తిరుగుచు, రెండువందలకు పైబడిన పంపులను కదల్చి, నీటిని అయిదువందల అడుగుల ఎత్తునకు తోయుచుండెను. దాని మ్రోత సమీపవాసులకు గొప్ప బాధగా నుండెడిదట. దానితోను తృప్తి కలుగలేదు. మఱుసటి సంవత్సరమున ఊరు అను నదినే సుమారు ఏబది మైళ్ల కాలువగుండ వర్సేల్సునకు మళ్లింప సంకల్పించిరి. ఆనాటి దుర్గశిల్పులలో అగ్రగణ్యుడైన వోబాను ఆ పనిలో నియుక్తుడయ్యెను. ఇరువదివేలకు పైబడిన సైనికులు యుద్ధము లేనికాలమున మన్ను త్రవ్విరి, ఱాళ్లు మోసిరి. త్రవ్విన తేమనేలలనుండి జ్వరములు పుట్టి వారిని పెక్కుమందిని బలిగొనెను. 1688లో యుద్ధము రాగా మిగిలిన సైనికులను సరిహద్దులకు పంపివేసిరి. కాలువ పని నిలిచిపోయినది, మఱల సాగలేదు. ఒక్క బొట్టును వర్సేల్సు చేరలేదు. లోయను దాటించుటకై మేంతెనో గ్రామమున కట్టిన వంతెన కమానులు నేటికిని మొండిగోడలై నిలిచియున్నవి. వర్సేల్సునకు పోవు యాత్రికులలో వానిని చూడబోవువారు ఎందఱు? తోటను మెచ్చుకొనుటకు ముందు ఆ కమానులను ఒకసారి చూచి రావలెనని మేము కోరుదుము.

ఈ కథలో మన దేశమునకును కొంత పాలు కలదు. 1788 ఆగస్టు 10వ తేదీన మైసూరు టిప్పు సుల్తాను రాయబారులు మువ్వురు వర్సేల్సు మేడలో పదునాఱవ లూయీని దర్శించిరి. ఆంగ్లేయులపై ఫ్రెంచివారి సైనికసాహాయ్యము కోరుట వారి ముఖ్యకార్యము. దానితోపాటు చేతిపనివారిని, తోటమాలులను, మొక్కలను, విత్తనములను గూడ సుల్తాను కోరియుండెను. తండ్రి హైదరాలీ బెంగుళూరులో నాటించిన లాల్‌బాగును పెంపొందించిన వానికి ఇట్టి కోరిక సహజమే. రాయబారుల దుస్తులను, రూపములను చూచుటకు పారిసు జనులు విరుగబడిరి. వారిలో దర్వేషుఖానుని చిత్రమును మదాం విజే లెబ్రన్ వ్రాసెను. మర్యాదలకు లోటు లేదు. కాని సైనికసాహాయ్యము లభింపలేదు. లభించు టెట్లు? ఆ దర్శనమునకు రెండు దినములు ముందు, ఆగస్టు 8న, ధనసంకటమును తాళలేక రాజు ప్రజాప్రతినిధుల మహాసభను రాబోవు సంవత్సరమున సమావేశపఱచుటకు అంగీకరించియుండెను. దర్శనమునకు ఆఱు దినములు తరువాత, ఆగస్టు 16న, ఖజానా తన చెల్లింపులను కొంతవఱకు నిలిపివేసెను. సముద్రములు దాటి ఆశ్రయము కోరవచ్చినవారికి కొలనులు, విగ్రహములు, దీపములు కనబడినవి. బొక్కసము మాత్రము కనబడలేదు. పరులబలముపై నమ్మకముంచి స్వదేశరక్షణమును తలపెట్టువారు ఆ మేడ తిన్నెపై నిలిచి ఈ మూడు తేదీలను గుఱుతుచేసికొనుట మంచిది.

పదునాలుగు మాసములు గడచినవి. 1789 అక్టోబరు 5న రొట్టె దొరకని పారిసు స్త్రీలు వేలకొలదిగా వర్సేల్సునకు నడచివచ్చిరి. ఆ సమయమున రాణి తన త్రియానో తోటలో నుండెననియు, అచ్చటికే వార్త చేరెననియు చెప్పుదురు. మఱునాడు రాజకుటుంబము పారిసునకు తరలిపోయెను; మఱల ఏ రాజును అచ్చట కాపురముండలేదు. విప్లవకాలమున ఈ తోటను ముక్కలు చేసి అమ్మివేయవలెనను మాట వచ్చినప్పుడు, పూలమళ్లలో కూరగాయలు పండింపవచ్చునని సూచించి ఉద్యానాధికారి యొకడు దానిని కాపాడెనందురు. కూరగాయల సంగతి ఎట్లున్నను, జనులు జలయంత్రముల తొట్లలో బట్టలుతికి, కత్తిరించిన పొదలపై ఆరవేసికొన్నట్లు తెలియుచున్నది. దీనిని అనాగరికమని చరిత్రకారులు కొందఱు వ్రాయుదురు. ఆ నీటిని తెచ్చుటకు మన్ను త్రవ్వి జ్వరపడి చచ్చినవారి మనుమలు అందు తమ చొక్కాలుతికికొన్నచో అది అంత పెద్ద నేరముగా మాకు తోచదు.

ఇప్పుడు ఆ తోట ఫ్రెంచి ప్రభుత్వముయొక్క ఆస్తి. 1999 డిసెంబరు తుపానులో సుమారు పదివేల చెట్లు కూలగా మఱల నాటించిరి. భూమిలోని గొట్టముల పొడవు సుమారు ఇరువదిరెండు మైళ్లు. నీరు పల్లమునకు తానే పాఱి, ఒక యంత్రమునుండి మఱియొకదానికి చేరి, తుదకు మఱల పైకి ఎక్కింపబడుచున్నది. వెచ్చని మాసములలో నిర్ణీత దినములందు ఆ జలయంత్రములను ఆడింతురు. ఆ వేళలు ముందుగానే ప్రకటింపబడును. రుసుము చెల్లించిన వారెవ్వరైనను చూడవచ్చును. పెద్దకాలువలో అద్దె పడవలు కలవు. ఈల వేయువారు లేరు.