ఉప్పునీటిలో వాడే మడత చాకు: ఉక్కు ఎంపిక

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ అవసరమని కిందటి యూనిట్‌లో తెలుసుకున్నారు. సముద్రంలో ఈ రెండింటికి ఉప్పు తోడవుతుంది. కిలో సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అలాంటి నీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి లోహక్షయం వేగం పుంజుకుంటుంది. సముద్రం మీద వేటకు వెళ్ళేవారికి ఇది కేవలం మరకల సమస్య కాదు. వల దించేటప్పుడు తాడు కాలికి చుట్టుకుంటే దాన్ని క్షణాల్లో కోసెయ్యాలి. ఆ సమయంలో కీలు పట్టేసి తెరుచుకోని చాకు ఉన్నా లేనట్టే.

స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలు తుప్పే పట్టదని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుందని మాత్రమే ఆ పేరుకు అర్థం. ఈ క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి కొద్ది నానోమీటర్ల మందంలో ఒక ఆక్సైడు పొరను ఏర్పరుస్తుంది. గీత పడినా ఆ పొర మళ్ళీ తనంతట తానే ఏర్పడుతుంది. ఉప్పునీటిలోని క్లోరైడు అయాన్లు ఈ పొరను బలహీనంగా ఉన్న చోట ఛేదిస్తాయి. అక్కడ చిన్న గుంట పడుతుంది. గుంటలోని నీరు ఆమ్లగుణం పొందడం వల్ల పొర తిరిగి ఏర్పడలేదు. పైకి సూదిమొనంత చుక్కే కనిపిస్తుంది గాని లోపల లోహం తినుకుపోతూనే ఉంటుంది.

అయితే క్రోమియం శాతం ఎక్కువగా ఉన్న చాకును కొంటే సరిపోతుందా? సరిపోదు. డి2 అనే ఉక్కులో క్రోమియం దాదాపు 12 శాతం ఉంటుంది. 2021లో వచ్చిన మాగ్నాకట్‌లో ఉన్నది 10.7 శాతమే. అయినా ఉప్పునీటిని తట్టుకోవడంలో మాగ్నాకట్‌దే పైచేయి. తేడా అంతా కార్బన్ వల్ల వచ్చింది. డి2లో సుమారు 1.5 శాతం ఉన్న కార్బన్, క్రోమియంలో పెద్దభాగాన్ని కార్బైడులుగా బంధించివేస్తుంది. అలా బందీ అయిన క్రోమియం రక్షణ పొరకు పనికిరాదు. అమెరికా లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్‌లో కార్బన్‌ను వెనేడియం, నియోబియం పట్టుకుంటాయి, క్రోమియం స్వేచ్ఛగా మిగులుతుంది. కాబట్టి లెక్కలోకి తీసుకోవలసింది మొత్తం క్రోమియాన్ని కాదు, స్వేచ్ఛగా ఉన్న క్రోమియాన్ని.

కార్బన్‌ను తగ్గించి, దాని పనిలో కొంత నైట్రోజన్‌కు అప్పగించడం మరో మార్గం. ఎల్‌సి200ఎన్ ఉక్కులో కార్బన్ 0.3 శాతం, నైట్రోజన్ 0.4 శాతం. నైట్రోజన్ గుంటల క్షయాన్ని కూడా అడ్డుకుంటుంది. జపాన్ ఉక్కు హెచ్1లో కార్బన్ 0.15 శాతానికి మించదు. సముద్రపు నీటిలో దానికి తుప్పు దాదాపుగా పట్టదు, కాని నున్నటి అంచు త్వరగా మొద్దుబారుతుంది. తాళ్ళు కోయడానికైతే రంపపు పళ్ళున్న అంచుతో తీసుకోవడం మేలు. ఇవన్నీ ఖరీదైనవే. అంత పెట్టలేనివారు, నా అభిప్రాయంలో, డి2 జోలికి పోకుండా కార్బన్ తక్కువగా ఉండే సాధారణ 420 రకం చాకు కొని తరచుగా నూరుకోవడం మంచిది.

ఇంతవరకు చెప్పినది బ్లేడు సంగతి. మడత చాకులో తుప్పు తరచుగా మొదలయ్యేది కీలు దగ్గర. ఇరుకు సందులో చేరిన ఉప్పునీరు కదలదు, అందులోని ఆక్సిజన్ అయిపోతే కొత్తది రాదు. ఆక్సిజన్ అందని చోట పొర నిలవదు. సందులోని లోహం ఆనోడుగా, బయటి తలం కాథోడుగా మారతాయి. బ్లేడు తళతళలాడుతుండగానే లోపల స్క్రూ తినుకుపోవచ్చు. పైగా బ్లేడుకు మేలైన ఉక్కు వాడిన తయారీదారులు కూడా స్క్రూలకు, స్ప్రింగుకు, జేబు క్లిప్పుకు నాసిరకం వాడుతుంటారు. కొనేముందు వాటి గురించి అడగండి. టైటానియం పట్టీలకు తుప్పు పట్టదు గాని, వాటిని తాకి ఉన్న మామూలు ఉక్కు స్క్రూ ఉప్పునీటిలో మరింత వేగంగా క్షయమవుతుంది. పిడి వెనుక భాగం తెరిచి ఉండి నీరు కారిపోయే చాకును, స్క్రూలు విప్పి శుభ్రం చేసుకోగల చాకును ఎంచుకోండి. పడవలోనే ఉంచుకునేదైతే కీలు లేని ఒరచాకే ఉత్తమం. జేబులో వేసుకోవలసినప్పుడే మడత చాకు అవసరం.

వాడిన ప్రతిసారీ చాకును తెరిచి మంచినీటితో కడిగి, ఆరబెట్టి, కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయాలి. తడిగా మడిచి పెట్టకూడదు. కొనేటప్పుడు చేయి తడిపి, ఒక్క చేత్తో తెరుచుకుంటుందో లేదో దుకాణంలోనే చూసుకోండి.